హైదరాబాద్‌లో రెండు రోజులు, పెద్దవాళ్ళు, పిల్లలు: ఏ మ్యూజియం చూడాలి, ఏది వదిలేయాలి?

కాకినాడ_కాజా
జనవరి నెలాఖరులో ఒక ఆదివారం కూకట్‌పల్లిలో మా పిన్ని కొడుకు పెళ్ళి. ఎలాగూ వస్తున్నాం కదా అని రెండు రోజులు ముందే బయల్దేరుతున్నాం. గురువారం రాత్రి గౌతమి ఎక్కి శుక్రవారం పొద్దున్న లింగంపల్లిలో దిగుతాం, అక్కణ్ణించి మియాపూర్ పిన్ని వాళ్ళింటికి. నేను, మా వారు, అమ్మా నాన్నా, పదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప. నాన్న తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు, పాతవి ఏవి కనబడినా అక్కడే నిలబడిపోతారు, కానీ మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే కష్టం.
మా వారు ఒక కాగితం మీద రాసేశారు: శుక్రవారం సాలార్‌జంగ్, చౌమహల్లా. శనివారం పురానీ హవేలీ, పబ్లిక్ గార్డెన్స్‌లో మమ్మీ, బిర్లా సైన్స్ మ్యూజియం, టైముంటే గోల్కొండ. చదువుతుంటేనే నాకు ఆయాసం వచ్చింది. క్రితం ఏడాది వేరే ఊళ్ళో ఒక పెద్ద మ్యూజియం చూశాం, పేరెందుకులెండి, గైడు గంటలో మొత్తం తిప్పేశాడు. బయటికొచ్చాక ఏం చూశావురా అని బాబుని అడిగితే "అక్కడ ఫ్యాన్లు తిరగట్లేదమ్మా" అన్నాడు. ఈసారి అలా కాకుండా పిల్లలకీ నాన్నకీ నిజంగా ఏదైనా గుర్తుండేలా చూపించాలని ఉంది. ఏవి ఉంచాలి, ఏవి కొట్టేయాలి చెప్పండి.

పాతబస్తీ_పిల్లోడు
ఆగండాగండి. శుక్రవారం సాలార్‌జంగ్ సెలవు. చౌమహల్లా సెలవు. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం కూడా శుక్రవారమే బంద్. మొత్తం ప్లాన్ తలకిందులు చేయండి.

మూసీ_ఒడ్డున
+1. పబ్లిక్ గార్డెన్స్ స్టేట్ మ్యూజియం కూడా శుక్రవారమే సెలవు. దేశంలో చాలా చోట్ల మ్యూజియంలకి సోమవారం సెలవు, మన దగ్గర శుక్రవారం. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను, మా ఆఫీసు దారిలోనే కదా.

కాకినాడ_కాజా
అమ్మో, మంచిపని చేశారు చెప్పి. ఇప్పుడే మా వారికి చదివి వినిపించా, కాగితం చించేసి "మళ్ళీ మొదట్నించీ రాద్దాం" అంటున్నారు. మరి శుక్రవారం ఏం చూడాలి?

డైనోసార్_డాడీ
శుక్రవారం బిర్లా సైన్స్ మ్యూజియం, ప్లానెటోరియం పెట్టుకోండి. ఆరేళ్ళ పాపకీ పదేళ్ళ బాబుకీ కూడా నచ్చేది అదొక్కటే. నేరుగా డైనోసార్ దగ్గరికి తీసుకెళ్ళండి. అది సినిమావాళ్ళు చేసిన బొమ్మ కాదు, మన గోదావరి లోయలో దొరికిన ఎముకలతో నిలబెట్టింది. పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. యామన్‌పల్లి పాత ఆదిలాబాద్ జిల్లాలో ఊరు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు తవ్వి తీశారు, యాదగిరి గారనే శాస్త్రవేత్త 1988లో ఆ పేరు పెట్టారు. జురాసిక్ కాలం నాటిది, తల నుంచి తోక దాకా సుమారు 44 అడుగులు.
పిల్లలకి ఇంకో సంగతి చెప్పండి, అక్కడికి వెళ్ళేముందే. ఆ తవ్వకాల్లో డజను దాకా జంతువుల ఎముకలు కలిసిపోయి దొరికాయి, పుర్రె మాత్రం దొరకలేదు. అంటే ఇప్పుడు కనిపించే తల ఊహించి పెట్టింది. మా పెద్దోడికి ఇది చెప్పాక అసలు కదల్లేదు, "మరి వాళ్ళకి తల అలాగే ఉంటుందని ఎలా తెలిసింది" అని మెడ కిందకెళ్ళి నిలబడి ఒకటే ప్రశ్నలు. పళ్ళని చూసి, దగ్గరి చుట్టాలైన వేరే డైనోసార్ల పుర్రెలతో పోల్చి అంచనా వేస్తారని అక్కడే నిలబడి చెప్పాను.

గోలీసోడా_77
మా పాప ఆ డైనోసార్ని చూసి భయపడి ఏడ్చింది. ఆరేళ్ళంటే కొంచెం చూసుకోండి.

డైనోసార్_డాడీ
అది శాకాహారి అని ముందే చెప్పేయండి, భయం పోతుంది. ఆకులలమలు తప్ప ఏమీ తినదు.

గోలీసోడా_77
ఈ ఐడియా బావుంది. ఈసారి వెళ్తే చెప్తా.

బడిపంతులమ్మ
ప్లానెటోరియంలో తెలుగు షో వేరే ఉంటుంది, ఇంగ్లీషు షో వేరే. టికెట్ తీసుకునేటప్పుడే తెలుగు షో ఎప్పుడో అడిగి దాన్నిబట్టి మ్యూజియం చూడండి. నాన్నగారికి కూడా కూర్చుని చూసేది కాబట్టి మోకాళ్ళకి ఇబ్బంది ఉండదు. 1985లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన ప్లానెటోరియం అది. మా స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడల్లా లైట్లు ఆరిపోయి నక్షత్రాలు కనిపించగానే హాలంతా ఒక్కసారి "ఓ" అంటారు. పక్కనే కొండ మీద బిర్లా మందిరం, సాయంత్రం అక్కడికి వెళ్ళొచ్చు. కానీ మెట్లున్నాయి, పెద్దాయన్ని బలవంతం చేయకండి.

మూసీ_ఒడ్డున
మియాపూర్ నుంచి రెడ్ లైన్ మెట్రో ఎక్కితే బిర్లా సైన్స్‌కి అసెంబ్లీ గానీ లకిడీకాపూల్ గానీ దిగి ఆటో పట్టుకోండి. శనివారం అదే లైన్లో ఇంకా ముందుకెళ్ళి ఎంజీబీఎస్‌లో దిగితే సాలార్‌జంగ్ దగ్గరే. ఎక్కడా ట్రైన్ మారక్కర్లేదు, స్టేషన్లలో లిఫ్టులున్నాయి. మియాపూర్‌లో ఉండడం మీకు బాగా కలిసొచ్చింది.

బేగంపేట_బుల్లోడు
నా మాట విని సాలార్‌జంగ్ ఒక్కటే పెట్టుకోండి శనివారం. మిగతావన్నీ తీసేయండి. ఒక్క మనిషి ఇంత పోగుచేశాడంటే అది ఒక్క రోజులోనే తెమలదు, ఇక మిగతావెక్కడ.

రాళ్ళ_పిచ్చి
బుల్లోడు గారూ, ఒక్క మనిషి కాదండి. మూడు తరాలు. ముసుగు రెబెక్కా అనే పాలరాతి శిల్పాన్ని కొన్నది మొదటి సాలార్‌జంగ్, 1876లో ఆయన రోమ్ వెళ్ళినప్పుడు. ఎక్కువ భాగం పోగుచేసింది మాత్రం మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మీరు అనేది ఆయన్నే. కొన్నాళ్ళు నిజాం దగ్గర దివాన్‌గా చేసి మానేశాక ఇక జీవితమంతా ఇదే పని. పెళ్ళి చేసుకోలేదు. 1949లో పోయారు. నేరుగా వారసులు లేరు, ఆ వస్తువులన్నీ చెదిరిపోకుండా 1951 డిసెంబరులో ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు, నెహ్రూ వచ్చి ప్రారంభించారు. ఇప్పుడున్న బిల్డింగుకి 1968లో మారింది. ఇవన్నీ వేలం పాటలో పోయి ఉంటే ఈరోజు ఏ దేశంలో ఏ ముక్క ఉండేదో, తలుచుకుంటేనే గుండె గుభేలుమంటుంది.

బేగంపేట_బుల్లోడు
ఓహ్. మా తాత ఎప్పుడూ ఒక్కాయనే అని చెప్పేవారు. సరే, మూడు తరాలు. నా సలహా మాత్రం మారదు, అదొక్కటే చూడండి.

చార్మినార్_చాయ్
నేను ఒప్పుకోను. పిల్లలతో సాలార్‌జంగ్‌లో రోజంతా ఉండలేరు. దాదాపు 40 గ్యాలరీలు. పింగాణీ గదుల దగ్గరికొచ్చేసరికి మా వాళ్ళు నేల మీద కూర్చున్నారు. పొద్దున్న సాలార్‌జంగ్, భోజనం, తర్వాత చౌమహల్లా. చౌమహల్లాలో ఖాళీ స్థలం ఉంటుంది, పచ్చిక, నీళ్ళ కొలను, పిల్లలు పరిగెత్తుతారు. లోపల ఖిల్వత్ దర్బారు హాల్లో 19 షాండ్లియర్లు, వెనకవైపు నిజాం పాత కార్లు, పసుపు రోల్స్‌రాయిస్. మా బావగారు ఆ కారు దగ్గరే అరగంట ఉన్నారు, మేం వెళ్ళి లాక్కొచ్చాం.

రాళ్ళ_పిచ్చి
రోజంతా ఉండమనట్లేదు చాయ్ గారూ. మూడు గంటలు చాలు, కానీ ఆ మూడు గంటలు ఏం చూడాలో ముందే అనుకుని వెళ్ళాలి. 40 గ్యాలరీల్లో 30 వదిలేయడానికి ధైర్యం కావాలి. టికెట్ కొన్నాం కదా అని అన్నీ చూసేయాలన్న తాపత్రయంలోనే మొత్తం పాడవుతుంది.
నా వరస ఇది. 10 గంటలకి గేటు తీసేసరికి అక్కడుండాలి. నేరుగా ముసుగు రెబెక్కా. జనం రాకముందే చూడాలి, ఎందుకంటే ఒక పక్క నుంచి చూసి వచ్చేయడం కాదు, చుట్టూ తిరగాలి. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడు. పాలరాయి ఒక్కటే, కానీ మొహం మీద పల్చటి ముసుగు, దాని కింద ముక్కు, పెదాలు, కళ్ళ రెప్పలు తెలుస్తుంటాయి. కాస్త పక్కకి జరిగి వెలుతురు ఏటవాలుగా పడేచోట నిలబడండి, ముసుగు అంచు ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ చర్మమో అప్పుడు తెలుస్తుంది. బట్టా రాయీ రెండూ ఒకే రాతిలోంచి వచ్చాయని కళ్ళు నమ్మవు.
తర్వాత జేడ్ గది, అంటే జేడ్ అనే విలువైన రాతితో చేసిన వస్తువులు. నూర్జహాన్ పళ్ళు కోసుకునే కత్తి, జహంగీర్ బాకు అక్కడే. తర్వాత ఆయుధాలు, బాబు కోసం. పన్నెండు కొట్టేలోపు గడియారం దగ్గరికి వచ్చేయాలి.

గోలీసోడా_77
గడియారం!! అది చూడకపోతే సాలార్‌జంగ్ చూసినట్టే కాదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని చూశాను.

మూసీ_ఒడ్డున
దాని సంగతి తెలియనివాళ్ళ కోసం: కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ అనే కంపెనీ వాళ్ళు అమర్చిన గడియారం. గంట కొట్టబోయే ముందు చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బొమ్మ బయటికొస్తుంది, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి మళ్ళీ లోపలికి పోతుంది. ఇంకో పక్క కమ్మరివాడి బొమ్మ సెకనుకొక దెబ్బ కొడుతూనే ఉంటుంది. అందరూ ఆ గడ్డమాయన కోసమే చూస్తారు, కమ్మరి పక్కన ఆపకుండా పని చేసుకుంటూ ఉంటాడు, అతన్ని కూడా చూడమనండి పిల్లల్ని. 12కి ఎక్కువసార్లు కొడుతుంది కాబట్టి ఆ టైముకి కిక్కిరిసిపోతుంది. శనివారం మరీను. పదిహేను నిమిషాల ముందే వెళ్తే నాన్నగారికి కుర్చీ దొరుకుతుంది.

చార్మినార్_చాయ్
12కి కాకుండా 11కి వెళ్తే జనం తక్కువ. 11సార్లు కొడుతుంది, ఒక్కటే తేడా.

మూసీ_ఒడ్డున
ఇది నాకు తట్టలేదు. నిజమే, పెద్దవాళ్ళతో అయితే 11 మేలు.

బడిపంతులమ్మ
పిల్లల్ని విసిగించకుండా చూపించడానికి మా స్కూల్లో ఒక పద్ధతి ఉంది. ప్రతి గదిలో ఏనుగుని వెతకమంటాం. దంతపు బొమ్మల్లో ఏనుగు, చిన్న చిత్రాల్లో ఏనుగు, కత్తి పిడి మీద ఏనుగు, చీర అంచులో ఏనుగు. వెతుకుతూ వెతుకుతూ మిగతావన్నీ చూసేస్తారు. ఎవరికి ఎక్కువ దొరికితే వాళ్ళకి ఐస్‌క్రీం.

హుస్సేన్‌సాగర్_హంస
బడిపంతులమ్మ గారూ, సెలవులకి కూడా పరీక్షేనా పాపం పిల్లలకి? వాళ్ళకి నచ్చింది వాళ్ళు చూస్తారు, వదిలేయండి. మావాడికి సాలార్‌జంగ్‌లో నచ్చింది చేతికర్రల గది. ఇన్ని కర్రలు ఒక్క మనిషికి ఎందుకు అని అడిగాడు, నాకు జవాబు దొరకలేదు కానీ ఆ రోజు వాడు ఎంతో సంతోషంగా ఉన్నాడు.

బడిపంతులమ్మ
పరీక్ష కాదండి, ఆట. మార్కులు లేవు, ఐస్‌క్రీం ఉంది. కానీ మీవాడి లాంటి పిల్లలకి ఏ ఆటా అక్కర్లేదు, అది ఒప్పుకుంటా.

కాకినాడ_కాజా
ఏనుగుల ఆట మా పాపకి సరిగ్గా సరిపోతుంది. బాబుకి కత్తులు. మరి నాన్నకి? ఆయన శాసనాలు, తాళపత్రాలు, పాత తెలుగు అంటే ప్రాణం పెడతారు. సాలార్‌జంగ్‌లో మెట్లు ఎక్కువా?

రాళ్ళ_పిచ్చి
లిఫ్టు ఉంది. గేటు దగ్గరే వీల్‌చైర్ అడగండి, మొహమాటపడొద్దు. మా అమ్మ కూడా మొదట "నాకెందుకు కుర్చీ" అంది, తర్వాత దిగనంది.
నాన్నగారికి సాలార్‌జంగ్ కన్నా పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం ఎక్కువ నచ్చుతుంది. అందరూ మమ్మీ కోసం వెళ్తారు. ఆ మమ్మీ ఈజిప్టు నుంచి వచ్చిందే, ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో కొని తెచ్చి ఏడో నిజాంకి ఇచ్చారు, ఆయన మ్యూజియంకి ఇచ్చేశారు. పాడవకుండా ఇప్పుడు గాలి చొరబడని నైట్రోజన్ పెట్టెలో పెట్టారు. కానీ మమ్మీ చూసి వెనక్కి తిరిగిపోకండి. అక్కడ బౌద్ధ శిల్పాలున్నాయి, ఫణిగిరి, నేలకొండపల్లి నుంచి తెచ్చినవి. అజంతా బొమ్మల నకళ్ళున్నాయి. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోనే ఉండేది. 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీ గారిని డైరెక్టరుగా వేశారు, తర్వాత ఇటలీ నుంచి నిపుణుల్ని పిలిపించి ఆ గుహల్లో రంగులు ఊడిపోకుండా పని చేయించారు. ఆ నకళ్ళు చూస్తుంటే గుహలో చీకట్లో కనపడనివి కూడా దగ్గర్నించి కనపడతాయి.

న్యూజెర్సీ_నరసాపురం
ఫణిగిరి పేరు చూసి ఆగలేక రాస్తున్నా. 2023లో న్యూయార్క్ మెట్ మ్యూజియంలో తొలి బౌద్ధ శిల్పాల మీద పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు, చెట్టూ పామూ అని అర్థం వచ్చే పేరుతో. మన అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి రాళ్ళు సముద్రం దాటి వచ్చాయి. ఫణిగిరి తోరణం దూలం గాజు లేకుండా ఎదురుగా ఉంది, రెండు వైపులా చెక్కినది, ఒక వైపు చూసి వెనక్కి వెళ్తే వెనక ఇంకో కథ. పక్కన చీటీ మీద ఫణిగిరి, తెలంగాణ అని రాసి ఉంది. మా ఆవిడది సూర్యాపేట. ఆ చీటీ ముందు నిలబడి వాళ్ళ నాన్నకి వీడియో కాల్ చేసింది. "మన ఊరి పక్కదే కదమ్మా, నేనెప్పుడూ చూడలేదు" అన్నారాయన. చూడండి, పాతిక మైళ్ళలో పుట్టి పెరిగిన మనిషి దాన్ని మొదటిసారి చూసింది అమెరికా నుంచి వచ్చిన ఫోన్లో. అందుకే హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకీ, అటువైపు వెళ్ళేవాళ్ళకీ చేతులెత్తి చెప్తున్నా, పబ్లిక్ గార్డెన్స్‌లో దిగి ఒక్క గంట మనవి మనం చూసుకోండి. మమ్మీని తర్వాత చూడొచ్చు.

పాతబస్తీ_పిల్లోడు
అన్నా, ఇది చదివి మా నాన్నకి ఫోన్ చేశా. ఈ ఆదివారం తీసుకెళ్తున్నా.

లండన్_లంకె
ఇక్కడ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతికి ఒక గది మొత్తం ఇచ్చారు, 33ఎ. టికెట్ లేదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపిన రాళ్ళలో కొన్ని 1859లో లండన్ చేరాయి. మిగతావి చాలా వరకు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. తెలుగువాళ్ళెవరు లండన్ వచ్చినా నేను ముందు అక్కడికే తీసుకెళ్తా, చాలామందికి ఆ గది ఉన్నట్టే తెలియదు.

బేగంపేట_బుల్లోడు
అవి మనకి వెనక్కి ఇచ్చేయాలి కదా అసలు?

లండన్_లంకె
నా మనసులో కూడా అదే. కానీ ఆ చర్చ మొదలుపెడితే కాజా గారి పెళ్ళి కూడా అయిపోతుంది. వేరే థ్రెడ్ పెట్టండి, వస్తా.

వైజాగ్_వెన్నెల
ఎగ్మోర్ మ్యూజియం కూడా శుక్రవారం సెలవేనండోయ్, చెన్నై వెళ్ళేవాళ్ళు చూసుకోండి. మా వైజాగ్ రండి, ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి నడిచి వెళ్ళొచ్చు, ఎదురుగా టీయూ-142 విమానం. సోమవారం తప్ప మిగతా రోజుల్లో చూడొచ్చు.

కాకినాడ_కాజా
వైజాగ్ మాకు దగ్గరే కదా అక్కా, కురుసుర చూశాం. బాబు ఆ ఇరుకు పడకలు చూసి "నేను నేవీలో చేరను" అన్నాడు. అమరావతి గురించి చదివి నాన్న మాత్రం ఇప్పుడు చెన్నై టికెట్ ధర అడుగుతున్నారు.

చార్మినార్_చాయ్
పురానీ హవేలీ గురించి ఎవరూ మాట్లాడలేదు. చిన్న మ్యూజియం, గంటలో అయిపోతుంది. 1937లో ఏడో నిజాం సిల్వర్ జూబిలీకి వచ్చిన కానుకలు అక్కడే ఉన్నాయి, నగరంలోని భవనాలకి వెండి నమూనాలు కూడా. ఆరో నిజాం బట్టల బీరువా ఉంది చూడండి, బీరువా అంటే బీరువా కాదు, ఒక పొడుగాటి హాలు మొత్తం రెండు వైపులా రెండంతస్తుల చెక్క అల్మారాలు, పైకెళ్ళడానికి చేత్తో నడిపే లిఫ్టు. వేసుకున్న బట్టలు మళ్ళీ వేసుకునేవాడు కాదంటారు.

గోలీసోడా_77
అక్కడే కదా దొంగతనం జరిగింది? బంగారు టిఫిన్ బాక్సు?

చార్మినార్_చాయ్
అవును, 2018 సెప్టెంబరులో. వెంటిలేటర్‌లోంచి తాడు వేసుకుని దిగి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసర్, చెంచా ఎత్తుకెళ్ళారు. పది రోజుల్లోపే పోలీసులు ఇద్దర్ని పట్టుకుని అన్నీ వెనక్కి తెచ్చారు. ఆ బాక్సులో దొంగ అన్నం తిన్నాడని పేపర్లలో కూడా వచ్చింది. పదేళ్ళ పిల్లాడికి ఈ కథ చెప్పి తీసుకెళ్తే ఒక్క వస్తువు కూడా వదలకుండా చూస్తాడు.

హుస్సేన్‌సాగర్_హంస
సాలార్‌జంగ్‌లో బిద్రీ గది కూడా వదలకండి కాజా గారూ. ఫోటోల్లో అది తేలిపోతుంది, దగ్గరగా చూడాలి. నల్లటి హుక్కా కుండ మీద వెండి తీగతో పూలు. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోస్తారు, పైన సన్నటి గాడి చెక్కి అందులో వెండి తీగ పెట్టి సుత్తితో కొట్టి కూర్చుతారు, ఆఖర్న బీదర్ కోట మట్టిని నవాసారంతో (అమ్మోనియం క్లోరైడ్) కలిపి రుద్దితే లోహం మాత్రం నల్లబడుతుంది, వెండి అలాగే మెరుస్తుంది. మామయ్యగారి స్నేహితుడొకాయన ఈ పని చేసేవారు, ఆయన చేతి వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. ఆ గదిలో నిలబడితే నాకు కుండలు కాదు, ఆ వేళ్ళే కనిపిస్తాయి. ఎవరి పేరూ రాసి ఉండదు వాటి మీద. రాజుల పేర్లు ఉంటాయి, చేసినవాడి పేరు ఉండదు. ఈ మాట పిల్లలకి చెప్పండి దయచేసి.

కాకినాడ_కాజా
చెప్తానండి, తప్పకుండా.

గోలీసోడా_77
జనవరి అంటున్నారు కదా, నుమాయిష్ ఎవరూ చెప్పరేం? నాంపల్లి ఎగ్జిబిషన్! జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. హైదరాబాదోళ్ళకి ఎగ్జిబిషన్ అంటే అదే. శుక్రవారం బిర్లా సైన్స్ చూసుకుని సాయంత్రం అక్కడికి వెళ్ళిపోండి, నాంపల్లి మెట్రో కూడా అదే రెడ్ లైన్. కశ్మీరీ శాలువాల నుంచి లక్నో చికన్ కుర్తాల దాకా, మిర్చి బజ్జీలు, పిల్లలకి రంగులరాట్నం.

రాళ్ళ_పిచ్చి
మంచి మాట. అదీ చరిత్రే. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు, స్వదేశీ వస్తువులు అమ్మడానికి. 1946లో నాంపల్లికి మారింది.

బడిపంతులమ్మ
పాపని ఆ జనంలో చెయ్యి వదలకండి. జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి.

కాకినాడ_కాజా
సరే, మా వారు కొత్త కాగితం తీశారు. శుక్రవారం స్నానాలు, టిఫిన్లు అయ్యాక బిర్లా సైన్స్, ప్లానెటోరియం తెలుగు షో, సాయంత్రం అమ్మా నాన్నా ఇంటికి, మేం నలుగురం నుమాయిష్‌కి. శనివారం 10కి సాలార్‌జంగ్, 11కి గడియారం, రెబెక్కా, జేడ్, కత్తులు, బిద్రీ, అంతే. భోజనం. ఆ తర్వాతే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. నాన్నకి స్టేట్ మ్యూజియం కావాలి, బాబుకి టిఫిన్ బాక్సు కావాలి.

చార్మినార్_చాయ్
విడిపోండి. పురానీ హవేలీ సాలార్‌జంగ్‌కి దగ్గరే, మీ వారు బాబుని తీసుకుని ఆటోలో వెళ్తారు. మీరు పాపని, అమ్మగారినీ నాన్నగారినీ తీసుకుని స్టేట్ మ్యూజియంకి. కలిసి వచ్చినంత మాత్రాన అందరూ ఒకటే చూడాలనేం లేదు, సాయంత్రం ఇంటికెళ్ళి ఒకరికొకరు చెప్పుకోవచ్చు.

బేగంపేట_బుల్లోడు
నేనింకా సాలార్‌జంగ్ ఒక్కటే అంటున్నా 😀 కానీ ఇది కూడా నడుస్తుంది.

న్యూజెర్సీ_నరసాపురం
కాజా గారూ, నాన్నగారు ఫణిగిరి రాళ్ళ దగ్గర నిలబడితే తొందరపెట్టకండి. పాపకి బిస్కెట్ ప్యాకెట్ బయట తినిపించి తీసుకెళ్ళండి.

కాకినాడ_కాజా
నాన్నని తొందరపెట్టడం మా వల్ల ఇంతవరకూ కాలేదండి, ఇక ముందూ కాదు. విడిపోయే ఆలోచనకి మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. అమ్మ మాత్రం "నేను టిఫిన్ బాక్సు వైపు" అంది, కాబట్టి అటు ముగ్గురు, ఇటు ముగ్గురం.

పాతబస్తీ_పిల్లోడు
సాలార్‌జంగ్‌లో పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, క్లోక్‌రూంలో పెట్టించుకుంటారు. ఫోన్లో ఫోటోలు తీయాలంటే దానికి వేరే టికెట్ ఉంటుంది, మొదటే తీసుకోండి, లేకపోతే మళ్ళీ కౌంటర్ దాకా రావాలి. బయల్దేరే ముందు రోజు వెబ్‌సైట్లో టైమింగ్స్ కూడా ఒకసారి చూసుకోండి, పండగలకీ పబ్బాలకీ మారుతుంటాయి.

మూసీ_ఒడ్డున
మధ్యాహ్నం భోజనానికి మదీనా వైపు వెళ్తే బిర్యానీకి కొదవ లేదు. నాన్నగారు శాకాహారి అయితే చెప్పండి, అబిడ్స్ వైపు వేరే చోట్లు చెప్తా.

కాకినాడ_కాజా
శాకాహారే, కోటాసారస్ లాగా. అబిడ్స్ చోట్లు చెప్పండి.